ఖాళీ ఆసనం ఎవరిది?

శ్రోతలు లేని ముషాయిరాను ఒక్కసారి ఊహించండి. కవి లేచి నిలబడి షేర్‌లోని మొదటి పాదం చదువుతాడు. ఎవరైనా అందుకొంటారేమోనని అదే పాదాన్ని మరల పలుకుతాడు. "వాహ్ వా" అనేవారు లేరు. "ముకర్రర్" అని అడిగేవారు అసలే లేరు. ఆ కవి ఎంతటి వాడైనా రెండవ పాదం చదవడానికి నోరు రాదు. పృచ్ఛకులు లేని అవధానం సంగతీ అంతే. మన కళాశాలలో వినిపించే రెండు భాషల సంప్రదాయాలూ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నవి. కళ ఒక్కరి వల్ల పూర్తి కాదు. అందులో సగం వినేవాడిది.

క్రీడ కూడా ఇట్టిదే. బంతి విసిరేవాడు, కొట్టేవాడు ఉన్నంత మాత్రాన అది అభ్యాసం అవుతుందే కాని పోటీ కాదు. చూసేవాడు వచ్చి కూర్చున్నప్పుడే దానికి ప్రాణం వస్తుంది. అటువంటప్పుడు, ప్రపంచంలోని మేటి క్రీడాకారులు ఒకచోట చేరి తలపడే మహోత్సవాలలో వేలకొలది ఆసనాలు ఖాళీగా కనిపించడం, అదే సమయంలో టిక్కెట్టు దొరకక వేలకొలది అభిమానులు బయట నిలబడి ఉండడం ఎంత విచిత్రం! ఈ రెండు దృశ్యాలు వేర్వేరు కావనీ, ఒకే వ్యాధికి రెండు లక్షణాలనీ నా అభిప్రాయం. దానిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2023 అక్టోబరు 5, గురువారం. అహ్మదాబాదులో పురుషుల క్రికెట్టు ప్రపంచ కప్పు ప్రారంభమైనది. అది 1,32,000 మంది కూర్చోదగిన మైదానం. ప్రపంచంలోని క్రికెట్టు మైదానాలన్నింటిలో పెద్దది. ఆడుతున్నవి సామాన్యమైన జట్లు కావు. 2019లో జగజ్జేతగా నిలిచిన ఇంగ్లండు, ఆ అంతిమ పోటీలో వెంట్రుకవాసి తేడాతో కప్పును పోగొట్టుకొన్న న్యూజిలాండు. అయినా తొలి బంతి పడే వేళకు మైదానంలో ఎటు చూసినా కుర్చీలే కనిపించినవి, మనుషులు కాదు. సాయంత్రానికి జనం కొంత పెరిగినా మైదానం నిండలేదు.

ఇందులో వింత ఏమున్నది, మన దేశం ఆడని పోటీకి, అందులోనూ పనిదినాన, మండుటెండలో ఎవరు వస్తారు అని అడగవచ్చు. అది సబబైన ప్రశ్నే. అయితే దానికి ముందు జరిగిన కథ కూడ వినవలెను. అంతకు కొన్ని వారాల క్రితం టిక్కెట్ల అమ్మకం మొదలైనప్పుడు చేతిఫోనుల ముందు గంటల తరబడి కాచుకొని, చివరకు "లేవు" అన్న సమాధానంతో వెనుదిరిగిన అభిమానుల ఫిర్యాదులు పత్రికలలో కోకొల్లలుగా వచ్చినవి. ఆ ఫిర్యాదులు పెచ్చుపెరిగిన పిమ్మట, సెప్టెంబరు 6న, భారత క్రికెట్టు బోర్డు ఆతిథ్య సంఘాలతో సంప్రదించి సుమారు 4 లక్షల టిక్కెట్లను అదనంగా అమ్మకానికి పెడుతున్నట్లు ప్రకటించినది. మైదానాల విస్తీర్ణం ఆ వారం రోజులలో పెరగలేదు. కొత్త కుర్చీలు మొలవలేదు. మరి లేవన్న టిక్కెట్లు ఎక్కడినుండి వచ్చినవి? అవి ముందునుండీ ఉన్నవే. ఎవరి కోసమో ఎత్తిపెట్టి ఉంచినవి.

న్యాయం తప్పకుండా మరొక మాట కూడ చెప్పవలసి ఉన్నది. ఆ ప్రపంచ కప్పుకు మొత్తం మీద 12,50,307 మంది ప్రేక్షకులు వచ్చినారు. అంతవరకు ఏ క్రికెట్టు ప్రపంచ కప్పుకూ అంతమంది రాలేదు. కనుక ప్రజలలో ఆసక్తి సన్నగిల్లినదని ఎవరూ అనలేరు. ఆసక్తి సన్నగిల్లకపోయినా ఆసనాలు ఖాళీగా ఉన్నవంటే లోపం చూసేవారిలో లేదు, చూసే అవకాశాన్ని పంచిన తీరులో ఉన్నదని తేలుతున్నది.

ఈ జాడ్యం మన దేశానికి మాత్రమే పరిమితమని తలవంచుకోనక్కరలేదు. క్రమశిక్షణకు, వరుసలో నిలబడడానికి పేరుపొందిన ఇంగ్లీషువారి రాజధానిలో 2012లో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. మొత్తం 88 లక్షల టిక్కెట్లు. అందులో 75 శాతం బ్రిటిష్ ప్రజలకని నిర్ణయించినారు. 2011 వసంతంలో దరఖాస్తులు పిలిస్తే 18 లక్షల మందికి పైగా ముందుకు వచ్చినారు. వారు కోరినవి 2 కోట్లకు పైగా టిక్కెట్లు. చీటీలు వేయక తప్పలేదు. తమకు ఏ పోటీకి టిక్కెట్టు వచ్చినదో తెలియకముందే బ్యాంకు ఖాతాలనుండి డబ్బు కోత పడినది. లక్షల మందికి ఒక్క టిక్కెట్టు కూడ రాలేదు.

తీరా 2012 జూలై 28న పోటీలు మొదలు కాగానే, ఈతకొలను దగ్గర, వ్యాయామ విన్యాసాల మందిరంలో, వింబుల్డన్ టెన్నిసు మైదానంలో, అన్నింటికన్న మంచి చోట్లలో వరుసలకు వరుసలు ఖాళీ! ఆ చోట్లు చీటీలలో ఓడిపోయిన సామాన్యులవి కావు. అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ప్రతినిధులకు, వివిధ దేశాల ఒలింపిక్ సంఘాలవారికి, అతిథులకు, పత్రికలవారికి కేటాయించినవి. నిర్వాహకులు చేసేది లేక కాపలాకు వచ్చిన సైనికులను, సమీపంలోని ఉపాధ్యాయులను, విద్యార్థులను పిలిచి కూర్చోబెట్టినారు. సమాఖ్యలనుండి కొన్ని ఆసనాలు వెనుకకు తీసుకొని, ఒక్క రాత్రిలో సుమారు 3,000 టిక్కెట్లను మరల అమ్మినారు. అమ్మకానికి పెట్టీ పెట్టగానే అవి చెల్లిపోయినవి. కొనేవారు లేక ఆ ఆసనాలు ఖాళీగా ఉండలేదని ఇంతకన్న వేరే రుజువు కావలెనా?

మన ఢిల్లీ నగరంలో 2010 అక్టోబరులో జరిగిన కామన్వెల్తు క్రీడల తొలి రోజులూ ఇట్లే గడచినవి. హాకీ వంటి మన ఆటల దగ్గర సైతం ఖాళీ వరుసలు కనిపించినవి. చివరకు బడిపిల్లలను రప్పించి నింపే ప్రయత్నం జరిగినది. లండన్‌లోనూ ఢిల్లీలోనూ పిల్లలకు ఆహ్వానం ఎప్పుడు వచ్చినదో గమనించండి. ఖాళీలు లోకానికి కనబడిన తరువాత! పెద్దలు రాని పెళ్ళిపందిట్లో విస్తళ్ళు మిగిలిపోయినవని వీధిలోని పిల్లలను కేకవేసినట్లు. కడుపు నిండినదనుకొందాం, కాని పిలుపులో గౌరవం ఏదీ?

ఇట్లు జరగడానికి గల కారణాలను కొంచెం వివరంగా పరిశీలిద్దాం.

మొదటి కారణం పంపకం. మైదానంలోని ఆసనాలన్నీ ప్రజలకు అమ్మరు. ధనమిచ్చే ప్రచార సంస్థలకు కొన్ని, ఆతిథ్య సంఘాల సభ్యులకు, వారి క్లబ్బులకు కొన్ని, అధికారులకు, ప్రముఖులకు కొన్ని, అంతర్జాతీయ సంస్థలకు కొన్ని ముందుగానే వేరుచేస్తారు. లండన్‌లో ఆ వాటా నాలుగవ వంతు. 12 శాతం వివిధ దేశాల ఒలింపిక్ సంఘాలకు, 8 శాతం ప్రచార సంస్థలకు, మిగిలిన 5 శాతం తక్కినవారికి. లండన్‌వారు ఆ లెక్కనైనా బయట పెట్టినారు. అనేక చోట్ల అది కూడ గుట్టే. వంద ఆసనాలలో తనకు మిగిలినవి ఎన్నో తెలియని అభిమాని ఎంత తెల్లవారుజామున లేచి కాచుకొంటే మాత్రం ఏమి ప్రయోజనం?

ఇక్కడ మానవ స్వభావానికి చెందిన చిన్న రహస్యం ఒకటి ఉన్నది. తన జీతంలోనుండి తీసి కొన్న టిక్కెట్టును ఎవడూ వృథా చేయడు. వాన వచ్చినా, ఒంట్లో బాగులేకపోయినా వెళ్తాడు. కాని ఉచితంగా ఇంటికి వచ్చిన టిక్కెట్టుకు ఆ పట్టింపు ఉండదు. వెళ్ళకపోతే ఆ పెద్దమనిషికి కలిగే నష్టం లేదు. ఆ నష్టం తలుపు బయట నిలబడిన మరొకరిది. ఆ ఇద్దరూ ఎన్నడూ ఒకరికొకరు ఎదురుపడరు కనుక పెద్దమనిషికి సిగ్గు కలిగే అవకాశం కూడ లేదు.

రెండవ కారణం కాలం. 2019 ప్రపంచ కప్పు పోటీల పట్టిక 2018 ఏప్రిల్‌లోనే వెలువడినది. అంటే ఏడాదికి పైగా వ్యవధి. 2023 పట్టిక ఆ ఏడాది జూన్ 27న, సరిగ్గా వంద రోజుల ముందు వచ్చినది. అదీ నిలువలేదు. ఆగస్టు 9న తొమ్మిది పోటీల తేదీలో వేళలో మార్చినారు. టిక్కెట్ల అమ్మకం ఆగస్టు 25న మొదలైనది. తొలి పోటీకి మిగిలినవి 41 రోజులు. ఆనాడు మన రైళ్ళలో ప్రయాణానికి 120 రోజుల ముందునుండి రిజర్వేషను దొరికేది. అనగా మ్యాచి టిక్కెట్టు చేతికి వచ్చేసరికి రైలు టిక్కెట్టు చేజారిపోయి ఉంటుంది. విమానంలో వెళ్ళి, హోటలులో దిగగలవారికి ఇది చిన్న చికాకు మాత్రమే. కర్నూలునుండో, నిజామాబాదునుండో, గుంటూరునుండో బయలుదేరదలచిన గుమాస్తాకు, విద్యార్థికి, చిన్న దుకాణదారునికి ఇది మూసిన తలుపు. పైగా ఫోనులోని టిక్కెట్టు చూపిస్తే చాలదు, కాగితపు టిక్కెట్టు చేతిలో ఉండి తీరవలెనని బోర్డు ముందే చెప్పినది. విదేశీ అభిమానుల ఇబ్బందులు సరే సరి. పాకిస్తాను జట్టు ఏడేళ్ళ తరువాత మన దేశానికి వచ్చినది కాని, ఆ దేశపు అభిమానులకు వీసాలు దాదాపు దొరకనే లేదు.

ఈ సందర్భంలో మన హైదరాబాదు ముచ్చట చెప్పుకోవలెను. ఉప్పల్ మైదానానికి మూడు ప్రపంచ కప్పు పోటీలు వచ్చినవి. మన దేశం ఆడేది వాటిలో ఒక్కటీ లేదు. అంతకుముందు, సెప్టెంబరు 29న పాకిస్తాను, న్యూజిలాండు జట్ల మధ్య సన్నాహక పోటీ జరిగినది. అది ప్రేక్షకులు లేకుండానే. ముందునాడు గణేశ నిమజ్జనం, మీలాదున్నబీ ఒకే రోజున పడినవి. పోలీసు బలగాలు ఊరేగింపుల బందోబస్తులో ఉండగా మైదానానికి రక్షణ కల్పించడం సాధ్యం కాదన్నారు. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చినారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అయితే మీలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకొని మా నగరవాసులు ఒకరికొకరు దారి ఇచ్చుకొన్నారన్నది కూడ ఇక్కడే చెప్పవలెను. వీధులలో జనం తమంతట తాము చేసుకొన్న సర్దుబాటు అది. పండుగ తేదీలు ఏడాది ముందే అందరికీ తెలుసు. పోటీల పట్టిక వేసినవారు క్యాలెండరు తిరగవేసి ఉంటే ఆ ఆటను కూడ ప్రజలు చూసేవారు.

పాకిస్తాను, శ్రీలంక పోటీని అక్టోబరు 12నుండి 10కి మార్చినారు. దానితో ఉప్పల్‌లో 9, 10 తేదీలలో వెంట వెంటనే రెండు పోటీలు జరుపవలసి వచ్చినది. మంగళవారం; మన జట్టు లేదు; ఎండ. అయినా ఆ రోజు వెళ్ళినవారు తమ జన్మలో మరువరు. శ్రీలంక 344 పరుగులు చేసినది. కుశల్ మెండిస్ 122, సమరవిక్రమ 108. పాకిస్తాను ఆ లక్ష్యాన్ని నాలుగు వికెట్లు మాత్రమే కోల్పోయి దాటినది. అబ్దుల్లా షఫీఖ్ 113, మొహమ్మద్ రిజ్వాన్ 131, అజేయంగా. ఒకే పోటీలో నాలుగు శతకాలు నమోదు కావడం, అంత పెద్ద లక్ష్యాన్ని ఛేదించడం ప్రపంచ కప్పు చరిత్రలో అదే ప్రథమం. కండరాలు పట్టుకొని, కుంటుతూ ఆడిన రిజ్వాన్‌ను హైదరాబాదు ప్రేక్షకులు ప్రతి పరుగుకూ ఉత్సాహపరచినారు. తనకు రావల్పిండిలో ఆడినట్లే ఉన్నదని ఆయన ఆట ముగిసిన పిమ్మట అన్నాడు. దేశాల మధ్య ఎన్ని గోడలున్నా ఒక మైదానంలో కూర్చున్న సామాన్యులు చేయగల పని ఇది. టెలివిజను ముందు కూర్చున్న కోటిమంది చేయలేనిది.

ఆ పోటీకి నా సహోద్యోగి ఒకరు తన కుమారునికీ తనకూ రెండు టిక్కెట్లు కొన్నారు. తీరా ఆ రోజు ఉదయం కుమారునికి జ్వరం. ఆయన నేరుగా కళాశాలకు వచ్చి, తరగతి గది గుమ్మంలో కనిపించిన ఇద్దరు విద్యార్థుల చేతిలో ఆ టిక్కెట్లు పెట్టినారు. అంతర్జాతీయ పోటీని వారు అంతవరకు మైదానంలో చూసి ఎరుగరు. మరునాడు వారిద్దరికీ గొంతులు పోయినవి. హాజరు పలకడానికి చేయి ఎత్తవలసి వచ్చినది! మాకు నవ్వు వచ్చినది. ఆ తరువాత నాకు ఒక ఆలోచన కూడ కలిగినది. ఆయనకు గుమ్మంలో ఇద్దరు విద్యార్థులు కనిపించినారు కనుక ఆ రెండు ఆసనాలు నిండినవి. కనిపించకపోయి ఉంటే? సొమ్ము చెల్లించిన మంచిమనిషి టిక్కెట్టే అట్లు వృథా అయ్యే అవకాశం ఉన్నప్పుడు, ఊరకే వచ్చిన వేల టిక్కెట్ల గతి ఏమి?

మన ఆడని జట్ల పోటీలకు ఎవరు వస్తారన్న ప్రశ్నకు కూడ హైదరాబాదు వద్దనే సమాధానం ఉన్నది. 1987లో ఇదే నగరంలో, ఫతే మైదాన్‌లోని లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండు, జింబాబ్వే తలపడినవి. ఎవరూ లెక్కలోకి తీసుకోని జింబాబ్వే జట్టులో డేవ్ హౌటన్ ఒంటరి పోరాటం చేసి 142 పరుగులు సాధించినాడు. జట్టు మూడు పరుగుల తేడాతో ఓడిపోయినది. ఏ పోటీలో ఏ అద్భుతం దాగి ఉన్నదో ఎవరు చెప్పగలరు? కనుక చిన్న పోటీలంటూ లేవు; చిన్నచూపు మాత్రమే ఉన్నది.

ఇక టిక్కెట్టు కోసం ప్రజలు పడే అగచాట్లకు మన నగరమే సాక్షి. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాదు జింఖానా మైదానంలో భారత, ఆస్ట్రేలియా పోటీ టిక్కెట్ల అమ్మకం దగ్గర తొక్కిసలాట జరిగి పలువురు గాయపడినారు. ఆటకోసం కాదు, ఆట చూసే కాగితంకోసం రక్తం చిందినది. అట్లు చేరిన జనాన్ని చూసిన తరువాత, ఏ మైదానంలోనైనా ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నదంటే దానిని కేవలం నిర్వహణ లోపమని సరిపెట్టుకోలేము.

మూడవ కారణం ధర. ఇటీవల విమాన టిక్కెట్ల పద్ధతిని క్రీడలలోకి తెచ్చినారు. గిరాకీని బట్టి ధర గంటగంటకూ మారుతుంది. 2025లో అమెరికాలో ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రపంచ కప్పు జరిగినది. చెల్సీ, ఫ్లుమినెన్సె జట్ల సెమీఫైనలుకు మొదట సుమారు 474 డాలర్లు ఉన్న టిక్కెట్టు పోటీ దగ్గరపడేసరికి 13 డాలర్లకు దిగినది. మొదటే కొన్న అభిమాని మోసపోయినట్లు భావించడా? అదే పోటీలలో ఓర్లాండోలో జరిగిన ఒక ఆటకు, 25 వేల మంది పట్టే మైదానానికి, వచ్చినవారు 3,412 మంది. సంతలో సాయంత్రం పూట కూరగాయల ధర తగ్గిస్తే అర్థమున్నది. అది వాడిపోయే సరుకు. ఆసనం కూడ వాడిపోయే సరుకే, ఆట ముగిసిన ఆసనం నిన్నటి పత్రిక వంటిది. కాని కూరగాయల దుకాణదారుడు ఉదయం బేరంలో కూడ కొంత దయ చూపుతాడు.

దీనికి ప్రతిగా రెండు ఉదాహరణలు. 2020 మార్చి 8న మెల్బోర్నులో మహిళల టి-20 ప్రపంచ కప్పు అంతిమ పోటీకి 86,174 మంది వచ్చినారు. 2025లో మన దేశంలో జరిగిన మహిళల ప్రపంచ కప్పుకు టిక్కెట్టు ధర నూరు రూపాయలనుండి మొదలైనది. విశాఖపట్నంలో మన జట్టు ఆటలు చూడడానికి కుటుంబాలు కుటుంబాలుగా కదలినవి. ఆ మైదానంలోని ఒక ప్రేక్షకుల వేదికకు మన హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ పేరు పెట్టినదీ ఆ అక్టోబరులోనే. నవంబరు 2న నవీ ముంబయిలో మన వనితలు దక్షిణాఫ్రికాను ఓడించి తొలిసారి జగజ్జేతలైన రాత్రి మైదానం క్రిక్కిరిసి ఉన్నది. ఒకనాడు ఆడవారి ఆటకు జనం రారని తీర్మానించినవారు ఆ రాత్రి ఎక్కడ కూర్చున్నారో!

నిర్వాహకుల పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. ప్రచార సంస్థల ధనం లేనిదే ఇంత పెద్ద పోటీలు జరగవు. వారికి ఆసనాలివ్వక తప్పదు. ప్రముఖుల రక్షణకు కొన్ని వరుసలు వదలవలసి వస్తుంది. దొంగ టిక్కెట్లను అరికట్టవలెను. ఇవన్నీ నిజమే. నిజానికి నేటి క్రీడా సంస్థల ఆదాయంలో పెద్ద భాగం టెలివిజను ప్రసార హక్కులనుండి, ప్రకటనలనుండి వస్తున్నది. గేటు వసూళ్ళు అందులో కొంత మాత్రమే. అందుకే ప్రేక్షకుడు ఆలోచనలో వెనుకబడినాడు. కాని ఒక్క విషయం వారు మరచినారు. టెలివిజనువారు కొన్నది పచ్చికను, పిచ్చును కాదు. జనసముద్రపు హోరును కూడ కలిపి కొన్నారు. ఖాళీ కుర్చీల నిశ్శబ్దాన్ని ప్రసారం చేసి ఎంతకాలం అమ్మగలరు?

పరిష్కారాలు ఆకాశంలో లేవు. పోటీల పట్టికను కనీసం ఏడాది ముందు ప్రకటించి దానికి కట్టుబడి ఉండవలెను. మైదానంలో ఎన్ని ఆసనాలు, అందులో ప్రజలకు ఎన్ని, అతిథులకు ఎన్ని అనే లెక్కను అమ్మకానికి ముందే బహిరంగపరచవలెను. అతిథికి ఇచ్చిన ఆసనానికి గడువు ఉండవలెను. రెండు రోజుల ముందుగా వస్తానని ధ్రువపరచకపోతే అది ప్రజలకు తిరిగి రావలెను. కొన్నవాడు రాలేకపోతే అదే ధరకు మరొకరికి బదిలీ చేసే అధికారిక మార్గం ఉండవలెను. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఇట్టి ఏర్పాటు చేసినారు. వింబుల్డన్‌లోనైతే ఆట మధ్యలో వెళ్ళిపోయేవారు వదలిన టిక్కెట్లను వరుసలో ఉన్నవారికి మరల అమ్మి, ఆ సొమ్మును ధర్మకార్యాలకు ఇచ్చే ఆచారం 1954నుండి ఉన్నది. కంప్యూటరు లేని కాలంలో సాధ్యమైన పని నేడు అసాధ్యమంటే నమ్మడమెట్లు?

చివరిది విద్యార్థుల విషయం. ప్రతి పోటీలోనూ విద్యార్థులకు, తక్కువ ఆదాయం గలవారికి కొన్ని వరుసలు మొదటి రోజునే కేటాయించవలెను. అది ఖాళీని పూడ్చే మట్టిగా కాక, హక్కుగా రావలెను. మైదానంలో చూసిన పిల్లవాడే రేపు మైదానంలో దిగుతాడు. ఉప్పల్‌లో గొంతు పోగొట్టుకొన్న మా ఇద్దరు విద్యార్థులలో ఒకడు అప్పటినుండి ప్రతి సాయంత్రం కళాశాల మైదానంలో వికెట్ల వెనుక నిలబడుతున్నాడు. అతడు రిజ్వాన్ అవుతాడో కాడో నాకు తెలియదు. కాని ఒక ఆసనం చేయగల పని ఎంతో నాకు తెలిసినది.

2030 కామన్వెల్తు క్రీడలు అహ్మదాబాదులో జరుగనున్నవి. ఈ నిర్ణయం 2025 నవంబరులో ఖరారైనది. ఢిల్లీ అనుభవం మనకు ఉన్నది. 2023 అనుభవం కూడ ఉన్నది. కొత్త మైదానాలకు, రహదారులకు కోట్లు ఖర్చు పెట్టడం గురించి ఎన్నో సమావేశాలు జరుగుతాయి. ఒక్క కుర్చీలో ఎవరు కూర్చోవలెనన్న చర్చ కూడ ఆ సమావేశాలలో జరగవలెనని నా విజ్ఞప్తి. ఆ ఖర్చులో ప్రజల పన్నుల సొమ్ము కూడ ఉంటుంది కదా!

ఉర్దూలో "అమానత్" అని చక్కని మాట ఒకటి ఉన్నది. నమ్మి అప్పగించిన సొత్తు అని దాని భావం. దాచుకొన్నవాడు దానికి యజమాని కాడు. అడిగిన నాడు అసలు యజమానికి అప్పగించవలసిన కాపరి మాత్రమే. మైదానంలోని ప్రతి ఆసనమూ నిర్వాహకుల చేతిలోని అమానత్. తాను రాక, వచ్చేవానిని రానీయక ఆ ఆసనాన్ని ఖాళీగా ఉంచడం ఆ నమ్మకాన్ని వమ్ము చేయడమే. విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు కార్యాలయాలలో, సంఘాలలో, క్రీడా సమితులలో బాధ్యతగల స్థానాలలో కూర్చుంటారు. ఆనాడు మీ ఇంటికి కూడ ఒక ఉచిత టిక్కెట్టు వస్తుంది. వెళ్ళదలిస్తే తప్పక వెళ్ళండి, గొంతెత్తి "వాహ్ వా" అనండి. వెళ్ళలేకపోతే మాత్రం, ఆ ఉదయమే ఏదైనా తరగతి గది గుమ్మం దాకా నడిచి వెళ్ళండి. అక్కడ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.